పాముచెవుల అత్త, రెండు జతల వాల్వులు

మా మేనత్తకు చెవులు ఎక్కువ. అందరికీ ఉన్నట్టే రెండే, కానీ వాటి పనితనం ఎక్కువ. చుట్టాలందరం ఆమెను పాముచెవుల అత్త అనేవాళ్ళం. ఆమె వినకుండా అనాలని చూసేవాళ్ళం గానీ అది కుదిరే పని కాదు గదా. "పాముకి చెవులుండవే, మొద్దూ" అని ఒకసారి పక్క గదిలోంచి నన్ను సరిదిద్దింది.

పందొమ్మిదో ఏట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, ముప్ఫై మూడేళ్ళు అక్కడే పని చేసింది. తలకు హెడ్‌ఫోను, ఎదురుగా దీపాల బోర్డు, చేతిలో తీగలు. దీపం వెలగ్గానే తీగ గుచ్చి "నంబరు ప్లీజ్" అనడం ఉద్యోగం. సగం మంది విషయంలో ఆ మాట అనాల్సిన అవసరమే ఆమెకు ఉండేది కాదు. అవతలి మనిషి ఊపిరి పీల్చిన తీరును బట్టి ఎవరో, ఎవరికి చేస్తున్నారో తెలిసిపోయేది. ఒక ప్లీడరు గారు రోజూ సాయంత్రం ఆరింటికి ఫోనెత్తి గొంతు సవరించుకునేవాడట. ఆ సవరింపు పొడిగా ఉంటే కక్షిదారుకి, తడిగా ఉంటే కాబోయే భార్యకి. అత్త ఒక్కసారి కూడా తప్పు తీగ గుచ్చలేదు. ఆయన తన పెళ్ళికి పిలవలేదని మాత్రం చాలా ఏళ్ళు కినుకగా ఉండేది.

మావయ్య మందుల కొట్లో మందులిచ్చే మనిషి. మెత్తని స్వభావం, పొందికైన చేతులు. పాముచెవులతో కాపురం ఎలా ఉంటుందో ఆయన్నే అడగాలి. తీపి తగ్గించమని డాక్టరు చెప్పిన నాటి నుంచీ, బిస్కెట్ల డబ్బా మూత తియ్యాలంటే ఆయన కుక్కరు విజిల్ వేసేదాకా ఆగేవాడు. ఒక విజిల్‌కి మూత తీసి రెండు బిస్కెట్లు అందుకోవడం, ఇంకో విజిల్‌కి మూత పెట్టడం, మూడో విజిల్‌కి నమలడం. పప్పు తొందరగా ఉడికిన రోజు ఆయన నోట్లో బిస్కెట్టు నమలకుండానే నానిపోయేది.

ఎక్స్ఛేంజిలోకి ఆటోమేటిక్ యంత్రాలు వచ్చి, తీగల బోర్డు పీకేసినప్పుడు అత్త రిటైరయింది. పాత భవనం ఖాళీ చేస్తూ, స్టాఫ్ క్లబ్బులోని సామాన్లు ఎవరికి కావలసింది వాళ్ళని తీసుకెళ్ళమన్నారు. ఒకరు గోడ గడియారం తీసుకున్నారు, ఒకరు బల్ల, ఒకరు ఏకంగా తలుపు. అత్త ఆంప్లిఫయరు తీసుకుంది. ఇరవై ఏళ్ళ వీడ్కోలు ప్రసంగాలను ఓపిగ్గా భరించిన పాత వాల్వుల పెట్టె అది. పద్దెనిమిది కిలోల బరువు. ఇద్దరు లైన్‌మన్లు మోసుకొచ్చి చెప్పుల బీరువా మీద పెడితే, బీరువా ఒక్క మూలుగు మూలిగి కూర్చుండిపోయింది. దాంతో అది మావయ్య చదరంగం బల్ల మీదికి చేరింది. చదరంగం మంచం కిందికి వెళ్ళింది.

ఇనప పెట్టె పైన గాజు వాల్వులు నిలబెట్టి ఉంటాయి. ముందు వరసలో మూడు చిన్నవి, వెనక రెండు పెద్దవి. స్విచ్చి వేస్తే ఒక్కోదాని లోపల సన్నని నారింజ వెలుగు లేస్తుంది. రికార్డు ప్లేయరు నుంచి వచ్చే బక్కచిక్కిన పాటను చిన్నవి అందుకుని కాస్త బలం పోస్తాయి. దాన్ని స్పీకరులోకి గట్టిగా తోసే పని వెనకాల ఉన్న పెద్దవాటిది. అవి రెండూ రంపంతో కోసే ఇద్దరు మనుషుల్లాంటివి. ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగాలి. ఇద్దరి బలమూ సమానంగా ఉన్నంతకాలం పని సాఫీగా సాగుతుంది. అత్తకు ఆ పెట్టె ప్రాణం. మావయ్య దాని వేడి మీద ఒకసారి చేతిరుమాలు ఆరేస్తే మూడు రోజులు మాట్లాడలేదు.

పదేళ్ళు బాగానే గడిచాయి. ఒక ఆదివారం ఉదయం వయొలిన్ రికార్డు పెట్టి కూర్చున్న అత్త మొహం చిట్లించింది.

"ఏవండీ, వయొలిన్ దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టు లేదూ?"

"నాకు బాగానే వినిపిస్తోందే" అన్నాడు మావయ్య పేపరు దించకుండా.

"మీకు బాగా వినిపించిందంటే కచ్చితంగా ఏదో పాడైనట్టే."

లేచి పెట్టె వెనక్కి వెళ్ళి చూసింది. పెద్దవాటిలో కుడివైపు వాల్వు లోపలి రేకు, కొలిమిలోంచి తీసిన ఇనుములా ఎర్రగా కణకణలాడుతోంది. గబుక్కున స్విచ్చి ఆపేసింది. చల్లారాక చూస్తే గాజు లోపల నల్లటి మరకలు పడి ఉన్నాయి.

ఊళ్ళో వాల్వుల సంగతి తెలిసిన మనిషి ఒక్కడే మిగిలాడు. రేడియో డాక్టరు అంటారు. డెబ్భై మూడేళ్ళు. బస్టాండు వెనక వీధిలో ఇరుకు కొట్టు. గోడల నిండా అరలు, అరల నిండా కడుపులు కోసిన రేడియోలు, వాటి మధ్య ఒక బల్ల, బల్ల మీద సీసం కరిగిన వాసన. అత్త సోమవారం పొద్దున్నే వెళ్ళింది.

"డాక్టరు గారూ, మా ఆంప్లిఫయర్‌లో వెనకాల కుడివైపు వాల్వు ఎర్రబడుతోందండీ."

"ఎడమదా అమ్మా?"

"కుడిదండీ."

"అదే, ఎడమది. చూద్దాం లెండి."

ఆయన బల్ల మీద ఒక రేడియో పూర్తి గొంతుతో బుస్సుమంటోంది. ఏ స్టేషనూ లేదు, ఉత్త బుస. ఆయన దాన్నే చూస్తూ చిరునవ్వుతో తల ఊపుతున్నాడు.

"పాత పాటల్లో ఉన్న హాయి ఇప్పటి పాటల్లో ఎక్కడుందమ్మా" అన్నాడు.

అత్తకు అనుమానం వచ్చింది. ఆయన అటు తిరిగి అరలో ఏదో వెతుకుతుండగా, వెనక నుంచి మామూలు గొంతుతో అంది.

"డాక్టరు గారూ, మీ షాపు తగలబడిపోతోందండీ."

"అవునమ్మా" అన్నాడు ఆయన వెనక్కి తిరగకుండానే. "ఈ కాలంలో అంతా అంతే."

అత్త గురువారానికి రమ్మని పెదవులు బాగా కదిలిస్తూ చెప్పి, ఇంటికి నడిచింది. ఆ దారిలో, నాలుగేళ్ళుగా తనకు అంతుబట్టని విషయం ఒకటి తేలిపోయింది. మంగలి షాపులో స్పీకరు గుంయ్‌మంటుంది. బేకరీలో రేడియో గుంయ్‌మంటుంది. ధ్యానం క్లాసు జరిగే హాలులో అయితే మరీను. అన్నీ ఆయన రిపేరు చేసినవే. కరెంటు మంచిది కాదని జనం సర్దుకుపోయారు. ఆయనేమో ప్రతిదాన్నీ విని, అంటే విన్నాననుకుని, "బ్రహ్మాండం" అని తిరిగిచ్చేస్తున్నాడు.

ఎవరితోనూ అనకూడదని అత్త గట్టిగా అనుకుంది. దానికి కారణం ఉంది. ఎక్స్ఛేంజిలో ఆమె పక్క సీటు ఆవిడకు నలభై ఐదో ఏట చెవులు మందగించాయి. ఆఫీసరు అందరి ముందూ హెడ్‌ఫోను తీయించి ఫైళ్ళ గదికి మార్చాడు. అత్త మాత్రం రోజూ ఫైళ్ళ గదికే వెళ్ళి ఆవిడతో కూర్చుని భోజనం చేసేది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రమే ఆమె గొంతులో వేళాకోళం ఉండదు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి డాక్టరు వచ్చాడు. ఒక చేతిలో పనిముట్ల పెట్టె, ఇంకో చేతిలో గుడ్డ సంచి. సంచిలోంచి నాలుగు ఉన్ని మేజోళ్ళు తీసి సోఫా పక్కన స్టూలు మీద పెట్టాడు. రెండు బూడిదరంగువి, రెండు కాఫీరంగువి. ఒక్కో మేజోడులో ఒక్కో వాల్వు.

"ఎలుకలు అట్టపెట్టెలు తినేశాయమ్మా, వాల్వులు వదిలేశాయి" అన్నాడు. "ఇవి రెండు జతలు. టెస్టరు మీద కొలిచి బలం సరిపోయినవాటిని ఒకే రంగు సాక్సుల్లో పెట్టాను. ఒక జత ఇవాళ వేస్తాను. రెండోది మీ దగ్గరే ఉంచుకోండి. ఆ టెస్టరు సూది పోయినేడు ఇరుక్కుపోయింది, ఇక కొత్త జతలు కలపడం నావల్ల కాదు."

ఆయనా అత్తా కలిసి పెట్టెను భోజనాల బల్ల మీదికి మోశారు. మావయ్య స్టూలు దగ్గర మిగిలాడు. ముప్ఫై ఏళ్ళు మందుల కొట్లో సీసాలు సర్దిన చేతులు ఊరుకుంటాయా? వాల్వుల్ని ఒక్కోటీ మేజోళ్ళలోంచి తీసి, గాజు తుడిచి, లేబుళ్ళు ఎదురుగా కనబడేలా, అచ్చు చెరిగిపోయినవి వెనక్కీ బాగున్నవి ముందుకీ వరసగా పేర్చాడు. తర్వాత మేజోళ్ళు దులిపి, రంగుకు రంగు కలిపి, మడత పెట్టాడు. చాలా తృప్తిగా అనిపించిందట. ముందున్న రెండింటినీ తెచ్చి డాక్టరు చేతికి అందించాడు కూడా.

డాక్టరు పని మాత్రం చూడముచ్చటగా చేశాడు. ఆ సంగతి అత్తా మావయ్యా ఇద్దరూ ఒప్పుకుంటారు. ప్లగ్గు తీసి గోడకు దూరంగా పడేశాడు. పెట్టెను పక్కకు తిప్పి అడుగు రేకు విప్పాడు.

"ప్లగ్గు తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు కాచుక్కూర్చుంటుంది సార్" అన్నాడు మావయ్యతో. "ముందు దాన్ని ఖాళీ చెయ్యాలి. ఇంకో మాట, తెరిచిన పెట్టె దగ్గర నిలబడితే ఒక చెయ్యి జేబులో పెట్టుకోవాలి. అప్పుడు షాకు కొట్టినా ఈ చేతిలోంచి ఆ చేతికి గుండె మీదుగా పోదు."

మావయ్య రెండు చేతులూ జేబుల్లో పెట్టేశాడు. ఆ తర్వాత అత్త టీ తెచ్చిస్తే తీసుకోలేదు. నోటికి అందించమన్నాడు.

డాక్టరు ఒక రెసిస్టరుకు కట్టిన తీగలతో కెపాసిటర్లను ఖాళీ చేసి, మీటరు సున్నా చూపించాకే చెయ్యి పెట్టాడు. వాల్వు ఎర్రబడిందంటే దాని వెనక ఒక చిన్న కెపాసిటరు కూడా కారుతూ ఉండొచ్చని, దాన్ని చూడకుండా కొత్త వాల్వు పెడితే అదీ తగలబడుతుందని, ముందు ఆ చిన్నదాన్ని మార్చాడు. తర్వాత పాత వాల్వుల్ని గాజు దగ్గర కాకుండా అడుగున నల్లటి దిమ్మ దగ్గర పట్టుకుని, కదిలే పన్నును ఊపినట్టు మెల్లగా అటూ ఇటూ ఊపి పైకి లాగాడు. కొత్తవాటి అడుగున, మేకుల మధ్యనున్న బొడిపెను గాడిలో సరిగ్గా కూర్చోబెట్టి నొక్కాడు. స్పీకరు తీగలు రెండుసార్లు లాగి చూశాడు. స్పీకరు లేకుండా స్విచ్చి వేస్తే ఆ బలమంతా ఎటు పోవాలో తెలియక పెట్టెనే కాల్చేస్తుందట.

స్విచ్చి వేశాడు. వాల్వుల్లో నారింజ వెలుగు లేచింది. అరనిమిషం తర్వాత పెద్దవాటి గాజు మీద పల్చటి నీలం రంగు తేలింది.

"నీలం! నీలం!" అని మావయ్య కేక పెట్టాడు, చేతులు జేబుల్లోనే ఉంచుకుని.

"నీలం మంచిదే సార్. ఎరుపే చెడ్డది."

డాక్టరు మీటరు పెట్టి చూసి తల ఊపాడు. ఈ పాత పెట్టెలో రెండు పెద్ద వాల్వుల కరెంటూ ఒకే రెసిస్టరు గుండా దిగుతుంది. మీటరు ఇద్దరి బరువూ కలిపి చెబుతుందే తప్ప ఎవరెంత మోస్తున్నారో చెప్పదు. మొత్తం సరిగ్గానే ఉంది.

"చూశారామ్మా, రికార్డు పెట్టకపోతే ఎంత నిశ్శబ్దంగా ఉందో! సూది పడినా వినబడుతుంది."

"గుంయ్‌మంటోందండీ" అంది అత్త.

"గుంయ్‌మనడం లేదమ్మా."

"అంటోందండీ."

ఇద్దరూ మావయ్య వైపు తిరిగారు. మావయ్యకు కక్కలేని, మింగలేని పరిస్థితి. ఇటు భార్య, అటు అతిథి.

"అంటే... అంటోంది గానీ, మర్యాదగానే అంటోంది" అన్నాడు.

అత్త డాక్టరు చెయ్యి పట్టుకుని, స్పీకరు ముందున్న గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది. ఆయన మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. చెయ్యి కింద గుడ్డ సన్నగా వణుకుతోంది. ఆయన చెయ్యి తీసి చూసుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ఎప్పటినుంచి తెలుసమ్మా మీకు?" అన్నాడు.

"మొన్న సోమవారం మీ షాపు తగలబడిపోతోందని నేనన్నప్పటి నుంచీ" అంది అత్త, ఈసారి గట్టిగా, మొహంలో మొహం పెట్టి.

"షాపు తగలబడిపోతోందా!"

డాక్టరు పనిముట్ల పెట్టె లాక్కుని, ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి మావయ్య చెప్పు తొడుక్కుని గుమ్మం వైపు పరిగెత్తాడు. మావయ్య అడ్డం వెళ్ళాడు గానీ చేతులు జేబుల్లోంచి తియ్యడానికి ధైర్యం చాలలేదు. పొట్టతోనే గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఇద్దరూ అక్కడ కాసేపు తోసుకున్నారు. తగలబడలేదనీ, అది పరీక్ష కోసం అన్న మాటనీ కాగితం మీద రాసి చూపించేసరికి అత్తకు తల ప్రాణం తోకకొచ్చింది.

డాక్టరు నిదానించాక నోరు విప్పాడు. నాలుగేళ్ళ నుంచీ ఇంతేనట. మొదట సన్నని గొంతులు పోయాయి, తర్వాత మాటలు. పెదవులు చూసి నెట్టుకొస్తున్నాడు.

"ఎవరికి చెప్పుకోనమ్మా? పళ్ళు లేని పళ్ళ డాక్టరు దగ్గరికైనా వెళ్తారు గానీ, చెవుడొచ్చిన రేడియో డాక్టరు దగ్గరికి ఎవరొస్తారు?"

"నేనొచ్చాను కదండీ" అంది అత్త. "ముందు ఈ గుంయ్ సంగతి చూడండి."

ఆయన కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పనివాడైపోయాడు. బలం సరిపోయిన జతైతే ఇలా మోగదు, ఒకటి తోసింది ఇంకొకటి లాగేస్తుంది, గుంయ్‌మందంటే ఇద్దరూ సమానం కాదన్నమాట అని తనలో తను లెక్క వేసుకుంటూ స్టూలు వైపు చూశాడు. చూసి, నిలబడిపోయాడు.

"సాక్సులేవి?"

"మడతపెట్టానండీ" అన్నాడు మావయ్య మెప్పు కోసం చూస్తూ.

"ఏ వాల్వు ఏ సాక్సులోది?"

"అదీ... లేబుళ్ళు ఎదురుగా ఉండేలా పెట్టానండీ. బాగున్నవి ముందుకు..."

అత్త ఆయన వైపు చూసిన చూపుకు, అవసరం లేకపోయినా మావయ్య చేతులు ఇంకా లోతుగా జేబుల్లోకి దిగాయట.

ఇక మిగిలింది ఒక్కటే దారి. డాక్టరు నాలుగు వాల్వులకూ చిన్న కాగితం ముక్కలు అంటించి నంబర్లు వేశాడు. మొదట వేసినవి ఒకటీ, రెండూ. ఒక్కో జతనూ మార్చి మార్చి పెట్టాలి. మార్చిన ప్రతిసారీ స్విచ్చి ఆపి, చల్లారనిచ్చి, కరెంటు ఖాళీ చేసి, మళ్ళీ మొదలు. అత్త కళ్ళు మూసుకుని వింటుంది, డాక్టరు స్పీకరు మీద అరచెయ్యి ఆనించి వింటాడు. మావయ్యకు నేరానికి శిక్షగా పట్టిక రాసే పని పడింది. మందుల చీటీలు చదివి చదివి ఆయన దస్తూరీ మాత్రం ముత్యాల్లా ఉంటుంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఇలా ఉంటుంది: "ఒకటి, రెండు: తేనెటీగ. ఒకటి, మూడు: కందిరీగ. రెండు, నాలుగు: నిద్రలో మావారు." మూడోది అత్త చెప్పిన మాటను ఆయన ఉన్నదున్నట్టు రాసేశాడు.

ఒకటో నంబరుకు రెండూ, మూడూ జత కాకపోతే నాలుగే అవ్వాలని ఎవరికైనా తట్టాలి. ఆ గదిలో ముగ్గురి వయసూ కలిపితే రెండు వందల ఒకటి. ఎవరికీ తట్టలేదు. మూడూ నాలుగూ కూడా పెట్టి, "రెండు తేనెటీగలు" అని రాసుకుని, టీలు తాగి, సాయంత్రం ఐదున్నరకు ఒకటీ నాలుగూ పెట్టారు.

వాల్వులు వెచ్చబడ్డాయి. అత్త కళ్ళు తెరవలేదు. వంటింట్లో కుళాయి చుక్క, వీధిలో ఎవరో సైకిలు దిగిన చప్పుడు, మావయ్య పొట్టలో టీ. అంతే.

"పోయింది" అన్నాడు డాక్టరు. ముందు ఆయనే అన్నాడు, స్పీకరు మీద చెయ్యి తియ్యకుండా.

అత్త వయొలిన్ రికార్డు పెట్టింది. వయొలిన్ దుప్పటి తీసేసి, మొహం కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. డాక్టరు రెండు చేతులూ స్పీకరు పెట్టె మీద పరిచి, తల వంచుకున్నాడు. ఉన్నట్టుండి, "ఇదిగో, ఇక్కడ కమాను కిందికి తిప్పాడు" అన్నాడు. అత్త నిజమేనంది. పాట అయ్యేదాకా మావయ్య ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

మర్నాటి నుంచి అత్త రోజూ పదింటికి డాక్టరు కొట్టుకు వెళ్ళి ఒంటిగంట దాకా కూర్చునేది. చేతులు ఆయనవి, చెవులు ఈమెవి. నాలుగేళ్ళ గుంయ్‌లన్నీ వెనక్కి పిలిపించి ఒక్కోటీ సరిచేశారు. మంగలి షాపు స్పీకరు నోరు మూసుకున్నాక, అతని రాజకీయాలు మొదటిసారి స్పష్టంగా వినబడి ఇద్దరు ఖాతాదారులు గడ్డాలు పెంచుకున్నారని చెబుతారు.

అసలు గొడవ ధ్యానం మాస్టారుతో వచ్చింది. ఆయన హాలులోని ఆంప్లిఫయరుకు సరైన జత వాల్వులు వేసి, మూగదాన్ని చేసి పంపారు. నాలుగో రోజుకి ఆయన కొట్టు ముందు ప్రత్యక్షం. మనిషి ప్రశాంతంగానే ఉన్నాడు గానీ చెవులు ఎర్రగా ఉన్నాయి.

"మా గుంయ్ మాకిచ్చెయ్యండి" అన్నాడు.

"గుండెకేమైందండీ?" అన్నాడు డాక్టరు ఆదుర్దాగా.

"గుండె కాదండీ, గుంయ్! నాలుగేళ్ళుగా దాని మీదే మనసు నిలుపుతున్నాం. అది విశ్వనాదం అని చెప్పాను నేను మా వాళ్ళకి. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఒకరి పొట్టలో గుడగుడలు ఒకరికి వినబడుతున్నాయి. నిన్న మొదటి వరసలో ఒకావిడ నవ్వింది. ఆవిణ్ణి చూసి రెండో వరస. చివరికి నేనూ నవ్వాను. ఇరవై రెండేళ్ళ సాధన!"

డాక్టరు ఆంప్లిఫయరు తెప్పించి, జత కుదరని వాల్వులు నాలుగు బల్ల మీద పెట్టాడు. అత్త కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఎంతలో కావాలండీ? తేనెటీగ చాలా, కందిరీగ కావాలా?"

మాస్టారు కళ్ళు మూసుకుని అన్నీ విని, తేనెటీగ తీసుకెళ్ళాడు. దానికి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

మధ్యలో డాక్టరు చెల్లెలు పోరుపెట్టి ఆయనకు చెవి మిషను కొనిపెట్టింది. అది తగిలించుకుని కొట్టుకు వచ్చిన మొదటి రోజే, పని చేస్తూ చేస్తూ సీసం కడ్డీ కింద పెట్టేశాడు.

"అమ్మా, నేను పాడుతున్నానా?"

"నాలుగేళ్ళ నుంచీ పాడుతున్నారటండీ, వీధంతా చెబుతోంది."

"పైకేనా? మనసులో పాడుకుంటున్నాననే అనుకున్నానే!" ఆయన కాసేపు తల గోక్కున్నాడు. "ఎలా ఉంటుంది?"

అత్త నిజం చెప్పే మనిషి. అందుకే ఏమీ చెప్పలేదు. ఆయన మిషను తీసి సొరుగులో పెట్టి, కూరల మార్కెట్టుకు వెళ్ళేటప్పుడు మాత్రం తగిలించుకునేవాడు. కొట్లో ఉన్నంతసేపూ "మీ చెవులున్నాయి చాలమ్మా" అనేవాడు.

అలా ఆరేళ్ళు ఒక్క రోజు తప్పకుండా నడిచింది. ఏడో ఏట చలికాలంలో అత్తకు పడిశం పట్టి రెండు చెవులూ దిబ్బడేశాయి. కొట్టు తలుపుకు డాక్టరు కాగితం అంటించాడు: "షాపు చెవులకు జలుబు. తగ్గాక తెరవబడును." దాన్ని చదివినవాళ్ళు చదివినట్టు ఇంటికి వచ్చి తలో వైద్యం చెప్పి వెళ్ళారు. మావయ్య అందరినీ కూర్చోబెట్టి, విని, ఒక్కటీ వాడలేదు. ఆవిరి పట్టించాడు, వేళకు మాత్రలిచ్చాడు.

నేను చూడ్డానికి వెళ్ళేసరికి అత్త దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహంలో ఎన్నడూ చూడని తీరుబడి.

"ఎంత హాయిగా ఉందే" అంది నాతో, వీధి చివరికి వినబడేంత గట్టిగా. "మీరంతా ఇలాగే బతుకుతున్నారా?"

మంచం పక్క కుర్చీలో డాక్టరు ఉన్నాడు. మిషను మర్చిపోయి వచ్చాడు. ఆయన బత్తాయిలు తెచ్చానన్నాడు. అత్త, అవును ఆ రేడియో ట్రాన్స్‌ఫార్మరు మార్చాల్సిందే అంది. ఆయన, గింజలు లేవమ్మా అన్నాడు. ఆమె, అయితే రేపే చుట్టించండి అంది. ఆయన సరేనన్నాడు. అలా గంటసేపు, ఒక్క విషయంలోనూ అభిప్రాయభేదం రాకుండా మాట్లాడుకున్నారు. మావయ్య గుమ్మంలో నిలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుతూ, ఇద్దరికీ చెరో తొన అందిస్తున్నాడు.

తొమ్మిదో రోజుకి ముక్కు వదిలింది, పదో రోజుకి చెవులు తెరుచుకున్నాయి. పదకొండో రోజు పొద్దున పదింటికి కాగితం చింపేసి కొట్టు తెరిచారు. ఆ రోజు మొదట వచ్చింది ఒక మిక్సీ. అందులో వాల్వులూ లేవు, అది పాటలూ పాడదు. అయినా అత్త దాన్ని రెండు నిమిషాలు తిప్పించి, తల ఒక పక్కకు వంచి విని, బేరింగు పోయిందని చెప్పిందట. డాక్టరు దాని మీద అరచెయ్యి పెట్టి చూసి, అవునన్నాడట.